బెర్లిను గోడకు పునాది ఎవరు తవ్వారు?

సాధారణంగా బెర్లిను విభజన చరిత్ర చెప్పేవారు 1961 ఆగస్టు 13వ తేదీతో మొదలుపెట్టి 1989 నవంబరు 9వ తేదీతో ముగిస్తారు. ఒక ఆదివారం తెల్లవారకముందే ముళ్ళతీగ పరిచారు. ఒక గురువారం రాత్రి గేట్లు తెరిచారు. నడుమ ఇరవై ఎనిమిదేళ్ళు ఒక మహానగరం రెండు ముక్కలుగా బతికింది. ఒక పక్షంవారి దృష్టిలో అది నిరంకుశత్వం కట్టిన గోడ, స్వేచ్ఛ కూల్చిన గోడ. మరొక పక్షంవారి దృష్టిలో అది సామ్రాజ్యవాదుల కుట్రలకు ఒక సోషలిస్టు రాజ్యం వేసుకొన్న అడ్డుకట్ట. ఈ రెండు కథలూ పరస్పరం శత్రువులైనా రెంటిలోనూ వున్న లోపం ఒక్కటే. రెండూ గోడ ఒక్క రాత్రిలో భూమిలోనుంచి మొలిచినట్టుగా చెబుతాయి.

గోడ అట్లా మొలవదు. గోడకు ముందు గీత వుండాలి. గీతకు ముందు, ఆ గీతకు అర్థం కల్పించే తేడాలు మనుషుల మధ్య వుండాలి. జీతంలో, అద్దెలో, రేషను కార్డులో, చేతిలోని నోటులో, ఓటు వేసే పార్టీలో ఆ తేడాలు పేరుకొని వుండాలి. బెర్లిను విషయంలో ఈ క్రమాన్ని అడుగడుగునా చూపించవచ్చు. అలా చూడటం అభ్యుదయవాదులకు మరింత అవసరం. ఎందుకంటే ఆ గోడ కట్టినవారు కార్మికవర్గం పేరుమీదనే కట్టారు. ఆ పేరు వినగానే మనసు మెత్తబడి ప్రశ్న వేయటం మానితే, లేదా గోడ కూలింది గనుక ఇక అడగవలసిన ప్రశ్నలే లేవని వూరుకుంటే, రెండూ చరిత్రకు చేసే అన్యాయమే.

1871లో జర్మన్ సామ్రాజ్యం ఏర్పడి బెర్లిను దానికి రాజధాని అయింది. అప్పటికి నగర జనాభా ఎనిమిది లక్షల పైచిలుకు. మరి ఆరేళ్ళకు పది లక్షలు దాటింది. 1905 నాటికి ఇరవై లక్షలు. యంత్రాల ఫ్యాక్టరీలలోనూ విద్యుత్ పరిశ్రమలోనూ పనికోసం పల్లెలనుంచి వచ్చిపడిన ఈ జనమంతా ఎక్కడ తలదాచుకున్నారు? 1862లో హోబ్రెక్ట్ అనే ఇంజనీరు తయారుచేసిన నగర నిర్మాణ పథకం పెద్ద పెద్ద వీధులు గీసింది. వీధుల నడుమ మిగిలిన స్థలాన్ని ఇళ్ళ వ్యాపారులకు వదిలింది. వారు వీధివైపున చూడచక్కని మేడ కట్టి, దాని వెనుక మరొక మేడ, దాని వెనుక ఇంకొకటి కట్టుకుంటూ పోయారు. ఈ కట్టడాలకు జనం పెట్టిన పేరు “అద్దె బారకాసులు”. రెండు మేడల నడుమ నడవ ఎంత వుండాలో చట్టం చెప్పింది: 5.34 మీటర్ల పొడవు, 5.34 మీటర్ల వెడల్పు. మనిషికి గాలీ వెలుతురూ ఎంత కావాలని లెక్కవేసి పెట్టిన కొలత కాదిది. నిప్పంటుకుంటే ఫైరింజను తిరగటానికి ఎంత చోటు కావాలో అంత. ఉత్తరాన వెడ్డింగు, తూర్పున ఫ్రీడ్రిక్స్‌హైన్, దక్షిణాన నాయ్‌కెల్న్ ఇటువంటి కట్టడాలతో నిండిపోయాయి. పడమటి దిక్కున గ్రూనెవాల్డ్ అడవి అంచున బ్యాంకర్లూ పారిశ్రామికులూ తోటల మధ్య బంగళాలు కట్టుకున్నారు. తూర్పు, పడమర అన్న మాటలు బెర్లినులో రాజకీయార్థం తెచ్చుకోకముందే వర్గార్థం తెచ్చుకున్నాయి.

ఈ తేడాను తగ్గించటానికి జరిగిన పెద్ద ప్రయత్నాన్ని చరిత్రకారులు రెండు ముక్కల్లో చెప్పి దాటిపోతూ వుంటారు. మొదటి ప్రపంచయుద్ధం వరకూ బెర్లిను ఒక్క నగరం కాదు. షార్లోటెన్‌బుర్గ్ వంటి సంపన్న పట్టణాలు చుట్టూ వేరువేరు మునిసిపాలిటీలుగా వుండేవి. సంపన్నులు అక్కడ తక్కువ పన్నులు కట్టుకొని హాయిగా వుండగా, పేదల బడులూ ఆస్పత్రులూ నడిపే భారం పాత బెర్లినుమీదా, చేతిలో డబ్బులేని కార్మిక శివారులమీదా పడేది. 1918 నవంబరు విప్లవం చక్రవర్తిని దించిన తర్వాత, 1920 ఏప్రిల్ 27న ప్రష్యా శాసనసభ “మహా బెర్లిను” చట్టాన్ని స్వల్ప మెజారిటీతో ఆమోదించింది. దానికి గట్టిగా నిలబడినవి కార్మిక పార్టీలు. వ్యతిరేకించినవారిలో ముఖ్యులు సంపన్న శివారులవారు. ఆ అక్టోబరు 1 నుంచి 8 పట్టణాలూ, 59 గ్రామాలూ, 27 జమీందారీ ఎస్టేట్లూ కలిసి ఒకే నగరమైనాయి. సుమారు ముప్పయి ఎనిమిది లక్షల మంది జనం, ఒకే ఖజానా, పరిపాలన సౌకర్యంకోసం ఇరవై జిల్లాలు.

ఈ ఇరవై జిల్లాలను పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. నగరాన్ని ఒకటి చేయటానికి గీసిన ఆ గీతలే తర్వాత దాన్ని చీల్చటానికి పనికివచ్చాయి.

ఇరవయ్యో దశకపు బెర్లిను ప్రపంచంలో ఎందరికో ఆశ్రయమిచ్చింది. మన హైదరాబాదులో పుట్టిన ఇద్దరి పేర్లు ఇక్కడ చెప్పుకోవాలి. తర్వాత మన రాష్ట్రపతి అయిన జాకీర్ హుసేన్ 1926లో బెర్లిను విశ్వవిద్యాలయంలోనే డాక్టరేటు పొందారు. సరోజినీ నాయుడి తమ్ముడు వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ మొదటి యుద్ధకాలంనుంచీ బెర్లినును భారత విప్లవకారుల కేంద్రంగా చేశాడు. 1927లో ఏర్పడిన సామ్రాజ్యవాద వ్యతిరేక సమితికి బెర్లినులో కార్యదర్శిగా పనిచేశాడు. నాజీలు బలపడుతున్న రోజుల్లో సోవియట్ యూనియనుకు వెళ్ళాడు. అక్కడ 1937లో స్టాలిను కాలపు ఊచకోతలో ఆయన్ను కాల్చి చంపారు. ఒకే మనిషి జీవితంలో ఆ నగరం ఇచ్చిన ఆశా వున్నది, ఆ ఆశకు ఉద్యమం లోపలినుంచే తగిలిన దెబ్బా వున్నది.

ఆ దెబ్బ బెర్లిను వీధులలో అంతకుముందే పడింది. 1919 జనవరిలో రోజా లక్సెంబర్గునూ కార్ల్ లీబ్‌క్నెక్టునూ చంపిన సైనికదళాలను పోషించింది సోషల్ డెమోక్రాట్ల ప్రభుత్వమే. ఆ నెత్తురు ఆరలేదు. 1929 మేడే నాడు బహిరంగ ప్రదర్శనలను నిషేధించింది సోషల్ డెమోక్రాట్ అయిన పోలీసు అధిపతి. నిషేధాన్ని ధిక్కరించి కమ్యూనిస్టులు వీధిలోకి వచ్చారు. మూడు రోజులపాటు వెడ్డింగులోనూ నాయ్‌కెల్న్‌లోనూ పోలీసులు జరిపిన కాల్పులలో ముప్పయి మందికి పైగా చనిపోయారు. అందులో చాలామంది ఏ ప్రదర్శనకూ రాని మామూలు జనం. దానికి కమ్యూనిస్టు పార్టీ ఇచ్చిన జవాబు ఏమిటి? సోషల్ డెమోక్రాట్లు “సోషల్ ఫాసిస్టులు”, ప్రధాన శత్రువు వారే అన్న సిద్ధాంతం. అసలు ఫాసిస్టులు గుమ్మంలోకి వచ్చి నిలబడిన రోజులవి. 1932 నవంబరు ఎన్నికలలో బెర్లినులో మొదటి స్థానం కమ్యూనిస్టులదే. రెండు కార్మిక పార్టీల ఓట్లనూ కలిపితే నగరంలో సగానికి మించి వున్నాయి. కలిపినవారు లేరు. మూడు నెలలు తిరగకుండా హిట్లరు ఛాన్సలరు అయ్యాడు.

బెర్లిను మొదటి గోడ ఇదే అనాలి. సిమెంటు లేదు, ముళ్ళతీగ లేదు. ఒకే అద్దె బారకాసులో, ఒకే మెట్లమీద ఎదురయ్యే ఇద్దరు కార్మికుల మధ్య లేచిన గోడ అది. దాని మూల్యాన్ని మొట్టమొదట చెల్లించినవారు మాత్రం వేరు. 1933లో బెర్లినులో లక్షా అరవై వేలమంది యూదులు వుండేవారు. వారిలో సుమారు 55 వేలమందిని నాజీలు హతమార్చారు. మిగిలినవారిలో అత్యధికులు దేశం వదిలిపోయారు. నగరం రెండు కాకముందే నగరంలో ఒక భాగాన్ని పూర్తిగా తుడిచివేశారన్నమాట.

1944 సెప్టెంబరు 12న, యుద్ధం ఇంకా సాగుతుండగానే, లండనులో బ్రిటన్, అమెరికా, సోవియట్ యూనియను ప్రతినిధులు ఒక ఒప్పందంమీద సంతకాలు చేశారు. ఓడిన జర్మనీని మండలాలుగా పంచుకోవటం, బెర్లినును ఉమ్మడిగా ఏలటం అందులోని సారాంశం. నగరం పంచుకోవటానికి వారికి చేతికందిన పటం 1920 నాటి జిల్లాల పటమే. తూర్పున 8 జిల్లాలు సోవియట్లకు, దక్షిణాన 6 అమెరికాకు వచ్చాయి. మిగిలిన 6 బ్రిటన్ వాటా కాగా, తర్వాత ఫ్రాన్సు కూడా చేరినప్పుడు వాటిలో రెంటిని దానికి ఇచ్చారు. మిట్టె జిల్లాకూ వెడ్డింగు జిల్లాకూ మధ్య సరిహద్దు బెర్నౌవర్ వీధి మీదుగా పోతుంది. వీధికి ఒక ప్రక్కనున్న ఇళ్ళు మిట్టెలోవి. ఆ ఇళ్ళ గుమ్మం ముందరి కాలిబాట వెడ్డింగుది. 1920లో ఈ సంగతి వీధి ఊడ్చే మునిసిపాలిటీ కార్మికుడికి తప్ప ఎవరికీ పట్టలేదు. 1961లో ఆ గుమ్మం రెండు ప్రపంచాల సరిహద్దు అయింది.

1945 మే 2న ఎర్రసైన్యం బెర్లినును పట్టుకుంది. ఫాసిజం నడుము విరిచినది ఆ సైన్యమే. దాని త్యాగం ఎవరూ కాదనలేనిది. అంతే నిజం మరొకటి వున్నది: ఆ వారాలలో నగరంలో అసంఖ్యాకంగా స్త్రీలమీద అత్యాచారాలు జరిగాయి. శిథిలాలలో ఇటుకలు ఏరి పేర్చి నగరాన్ని నిలబెట్టిన స్త్రీలు ఆ సంగతి మరిచిపోలేదు, బహిరంగంగా చెప్పుకోనూ లేకపోయారు. చెప్పే అవకాశం ఓటు రూపంలో వచ్చింది. 1946 ఏప్రిల్‌లో సోవియట్ మండలంలో సోషల్ డెమోక్రాట్ పార్టీని కమ్యూనిస్టు పార్టీలో కలిపి సోషలిస్టు ఐక్యతా పార్టీ అని పేరు పెట్టారు. 1929లో పోగొట్టుకున్న ఐక్యతను ఈసారి సైనికాధికారం నీడలో సాధించబోయారు. అదే సంవత్సరం అక్టోబరు 20న నాలుగు సెక్టార్లలోనూ కలిపి ఎన్నికలు జరిగాయి. కొత్త పార్టీకి వచ్చినవి 19.8 శాతం, విడిగా నిలబడిన సోషల్ డెమోక్రాట్లకు 48.7 శాతం. ఎర్ర బెర్లిను, లీబ్‌క్నెక్టు తిరిగిన బెర్లిను, ఇచ్చిన తీర్పు అది. తీర్పును విని తమను తాము దిద్దుకోవటానికి మారుగా, గెలిచినవారు మేయరుగా ఎన్నుకున్న ఎర్నెస్ట్ రాయ్‌టర్‌ను సోవియట్ అధికారులు పదవిలో చేరనివ్వలేదు.

ఇక రెండోవైపు. 1948 నాటికి పశ్చిమ రాజ్యాలు జర్మనీ మొత్తాన్ని గురించిన ఆలోచన వదలి, తమ చేతిలోని మండలాలతో వేరు రాజ్యం నిర్మించుకోవటానికి నిశ్చయించాయి. జూన్ 20న అక్కడ కొత్త మార్కును చలామణిలోకి తెచ్చాయి. మూడు రోజులకు సోవియట్ మండలంలోనూ వేరే నోటు వచ్చింది. ఆ వెంటనే పశ్చిమ నోటు పశ్చిమ బెర్లినులోనూ చెల్లుబడి అయింది. జూన్ 24న సోవియట్లు నగరానికి పోయే రోడ్డు, రైలు, కాలువ దారులు మూసివేశారు. విమానాలద్వారా బొగ్గూ, పిండీ, పాలపొడీ దింపటం మొదలైంది. 1949 మే 12న దిగ్బంధం ఎత్తివేసినా సెప్టెంబరు దాకా విమానాలు నడిచాయి. రెండు లక్షల డెబ్భై వేలకు పైగా ప్రయాణాలు, దాదాపు 23 లక్షల టన్నుల సరుకు. ఇరవై లక్షల మందిని ఆకలితో లొంగదీయాలన్న ఆలోచన సోషలిజానికి ఎంత కళంకమో, రాజకీయంగా అంత తెలివితక్కువ. మూడేళ్ళ క్రితం బెర్లినుమీద బాంబులు వేసిన విమానాలను చూసి బెర్లిను పిల్లలు చేతులూపే స్థితి దాని ఫలితమే.

గోడ లేకుండానే నగరం చీలటం ఆ పదిహేను నెలల్లో కళ్ళ ఎదుటే జరిగింది. ముందు నోటు రెండైంది. 1948 సెప్టెంబరులో తూర్పు సెక్టారులో వున్న నగర సభాభవనంలోకి ఐక్యతా పార్టీ జనం చొరబడటంతో సభ్యులు పడమటికి తరలిపోయారు. నవంబరు 30న తూర్పున వేరే మేయరు వచ్చాడు. డిసెంబరులో పడమట వేరే ఎన్నికలు. పాత విశ్వవిద్యాలయం తూర్పున వుండిపోగా, దానినుంచి విడివడినవారు డాలెంలో స్వేచ్ఛా విశ్వవిద్యాలయం తెరిచారు. 1952లో నగరపు రెండు భాగాల మధ్య టెలిఫోను తీగలు తెంపారు. 1953 జనవరిలో ట్రాములు సరిహద్దు దాటటం మానాయి. గోడ కట్టేనాటికి విడగొట్టవలసినవి ఇక కాలినడక దారులూ, స్థానిక రైళ్ళూ మాత్రమే మిగిలాయి.

1949 అక్టోబరు 7న తూర్పు జర్మనీ ఏర్పడి తూర్పు బెర్లినును రాజధాని చేసుకొన్నది. పశ్చిమ జర్మనీ బాన్‌లో కొలువుతీరింది. ఒక నగరంలో సగం రాజధాని; మిగతా సగం ఏ రాజ్యంలోనూ పూర్తిగా చేరని దీవి. ఈ స్థితిలో రెండుచోట్లా వున్న ఆర్థిక బలాబలాలు సమానం కావు. యుద్ధంలో అందరికంటే ఎక్కువ నష్టపోయిన సోవియట్ యూనియను పరిహారంకింద తన మండలంలోని ఫ్యాక్టరీలను విప్పి పట్టుకుపోయింది. పడమట మార్షల్ పథకం డబ్బు వచ్చింది. మారకం అంగళ్ళలో ఒక పశ్చిమ మార్కుకు నాలుగు తూర్పు మార్కులు, ఒక్కొక్కప్పుడు అంతకుమించి, ఇచ్చేవారు. పశ్చిమ బెర్లిను మనిషి తూర్పుకు పోయి చవకగా క్షవరం చేయించుకొని వచ్చేవాడు. తూర్పు బెర్లినులో చవక అద్దె ఇంట్లో వుంటూ వేలాదిమంది పడమట పనికి పోయి పశ్చిమ మార్కులు తెచ్చుకునేవారు. తూర్పు ప్రభుత్వం తన ఖర్చుతో చదివించిన డాక్టరు, ఇంజనీరు, నర్సు ఒక టిక్కెట్టు కొని స్థానిక రైలులో నాలుగు స్టేషన్లు దాటితే పరదేశం చేరినట్టే. 1949 నుంచి 1961 దాకా తూర్పు జర్మనీ వదిలిపోయినవారు ఇరవై అయిదు లక్షలకు పైమాటే.

ఇది గోడకు కారణం. కాని కారణం చెప్పినంత మాత్రాన సమర్థించినట్టు కాదు. జనం కేవలం మార్కు విలువను చూసి పోలేదని 1953 జూను తేల్చింది. స్టాలిను వీధిలో కార్మికులకోసం మేడలు కడుతున్న తాపీ పనివారికి జీతం పెంచకుండా పని మోతాదును పది శాతం పెంచారు. జూన్ 16న వారు తాపీలు కిందపెట్టారు. మర్నాటికి సమ్మె దేశమంతా పాకింది. స్వేచ్ఛగా ఎన్నికలు జరపాలన్న కోరిక కూడా దానిలో చేరింది. సోవియట్ టాంకులు వచ్చాయి. కనీసం 55 మంది చనిపోయారు. ఫాసిస్టులు రేపిన అల్లరి అని ప్రభుత్వం ప్రకటించింది. తమ రాజ్యమని చెప్పబడిన రాజ్యంలో మేస్త్రీలూ కూలీలూ పని మోతాదును గురించి మాట్లాడితే అది ఫాసిజం ఎట్లా అయింది?

ఆ రోజు రచయితలు ఏం చేశారన్నది మనకు ఆసక్తికరమైన విషయం. అప్పటికి బ్రెహ్ట్ తూర్పు బెర్లినులో తన నాటక సంస్థను నడుపుతున్నాడు. ఆయన పార్టీ నాయకుడు ఉల్‌బ్రిక్టుకు ఉత్తరం వ్రాశాడు. ప్రజలతో చర్చ జరగాలని చెప్పిన భాగాన్ని తీసివేసి, పార్టీకి సంఘీభావం తెలిపిన చివరి వాక్యాన్ని మాత్రం పార్టీ పత్రిక అచ్చువేసింది. ఆ ఘటనపై ఆయన వ్రాసిన ఎత్తిపొడుపు పద్యం తూర్పున వెలుగు చూడలేదు. ఆయన పోయిన తర్వాత 1959లో పడమటి పత్రికలో అచ్చయింది. రచయిత మాటలో తనకు పనికివచ్చే ఒక్క వాక్యం కత్తిరించుకునే అలవాటు అధికారానికి అక్కడే కాదు, అన్నిచోట్లా వున్నది. కాని కార్మికరాజ్యంలో ఆ కత్తెర ఎక్కువ బాధిస్తుంది.

1961 జూలై ఒక్క నెలలో ముప్పయి వేలమంది వెళ్ళిపోయారు. అంతకు నెల ముందు పత్రికలవారితో ఉల్‌బ్రిక్టు, గోడ కట్టే ఉద్దేశం ఎవరికీ లేదని చెప్పివున్నాడు. ఆగస్టు 13న ముళ్ళతీగ పడింది. బెర్నౌవర్ వీధిలో ఇళ్ళ గుమ్మాలు ఇటుకలతో మూసివేస్తే జనం కిటికీలనుంచి దూకారు. ఆగస్టు 22న అలా దూకిన ఈడా జీక్‌మన్ అనే 58 ఏళ్ళ స్త్రీ మరణించింది. గోడకు తొలి బలి ఆమె. మరి రెండు రోజులకు గ్యుంటర్ లిట్‌ఫిన్ అనే పాతికేళ్ళలోపు దర్జీని కాల్చివేశారు. ఇద్దరూ శ్రామికులే. 1989 వరకూ కనీసం 140 మంది ఆ గోడ దగ్గర ప్రాణాలు పోగొట్టుకున్నారు. పశ్చిమ బెర్లినును చుట్టివచ్చిన 155 కిలోమీటర్లలో 43 కిలోమీటర్లు నగరాన్ని నడిమికి కోసుకుంటూ పోయాయి.

పశ్చిమ రాజ్యాలు ఏంచేశాయి? పత్రికలలో ఆగ్రహించాయి, లోలోపల ఊపిరి పీల్చుకున్నాయి. యుద్ధంకంటే గోడ మేలని కెనెడీ తన ఆంతరంగికులతో అన్నాడు. రెండేళ్ళ తర్వాత బెర్లినుకు వచ్చి తానూ బెర్లిను పౌరుణ్ణేనని చప్పట్లమధ్య ప్రకటించినవాడూ ఆయనే. రెండు మాటలూ అబద్ధం కావు. అగ్రరాజ్యాల చదరంగంలో బెర్లిను విలువ ఎంతో రెంటినీ కలిపి చదివితే తెలుస్తుంది. ఇక పెట్టుబడి సంగతి. సీమెన్స్ కంపెనీ గోడకు పన్నెండేళ్ళ ముందే తన ప్రధాన కార్యాలయాన్ని బెర్లినునుంచి మ్యూనిక్‌కు మార్చింది. సరిహద్దు దాటటానికి పెట్టుబడి కిటికీలోనుంచి దూకనక్కరలేదు.

గోడ పడగానే పడమటి ఫ్యాక్టరీలకు తూర్పు కార్మికులు రావటం ఆగిపోయింది. 1961 అక్టోబరు 30న పశ్చిమ జర్మనీ టర్కీతో కార్మికుల ఒప్పందం చేసుకొన్నది. ఒకప్పుడు నగరానికి నడుమ వుండి, గోడతో అంచుకు నెట్టబడి, అద్దెలు పడిపోయిన క్రాయిట్స్‌బెర్గ్ జిల్లా వారికి నివాసమైంది. వారిని “అతిథి కార్మికులు” అన్నారు. అంటే పని అయిపోగానే లేచి వెళ్ళవలసినవారని అర్థం. తూర్పున కూడా వియత్నాం నుంచీ మొజాంబిక్ నుంచీ ఒప్పందంమీద కార్మికులను తెచ్చి, స్థానికులతో కలవకుండా వేరు వసతి గృహాలలో వుంచారు. ఒకరికి ఒకరు శత్రువులైన రెండు వ్యవస్థలు పరాయి కూలీ విషయంలో ఇంత దగ్గరగా ఆలోచించటం గమనించదగ్గది.

విచిత్రమేమంటే, పైన ఇంత కట్టుదిట్టంగా చీల్చిన నగరాన్ని భూమి అడుగున చీల్చలేకపోయారు. పడమటి భూగర్భ రైళ్ళు రెండు దారుల్లో తూర్పు బెర్లిను కిందుగా పోయేవి. అక్కడి స్టేషన్లు మూసివుండేవి; చీకట్లో సిపాయిలు కాపలా వుండగా రైలు ఆగకుండా సాగిపోయేది. దానికి పశ్చిమ బెర్లిను బాడుగ కట్టేది. పడమటి మురుగునీరు తూర్పు వైపుకే పారేది. దానికీ డబ్బు ముట్టేది. సిద్ధాంతాలకు లొంగని అవసరాలు నగరానికి కొన్ని వుంటాయి.

క్రమంగా గోడకు అలవాటుపడ్డారు. 1963 క్రిస్మసుకు పాసులు ఇస్తే పద్దెనిమిది రోజులలో పన్నెండు లక్షల సందర్శనలు జరిగాయి. 1971లో నాలుగు రాజ్యాల ఒప్పందం, 1972లో రెండు జర్మనీల ఒప్పందం కుదిరాయి. 1972 అక్టోబరులో మన దేశమూ తూర్పు జర్మనీని గుర్తించింది. అలవాటు ఆమోదం కాదు. 1963లో “విభజిత ఆకాశం” అనే నవల వ్రాసిన క్రిస్టా వోల్ఫ్ తూర్పు రాజ్యాన్ని వదలలేదు. అక్కడే వుండి సోషలిజాన్ని మనుషులకు తగ్గట్టు మార్చాలనే అనుకున్నది. 1976లో గాయకుడు వోల్ఫ్ బీర్మన్ పడమట కచేరీ చేస్తుండగా ప్రభుత్వం అతని పౌరసత్వం తీసివేస్తే, దాన్ని నిరసిస్తూ సంతకం చేసినవారిలో ఆమె వున్నది. బీర్మన్ తండ్రి ఆష్విట్జ్‌లో హత్యకు గురైన యూదు కమ్యూనిస్టు. అటువంటివాని కొడుకును భరించలేని సోషలిజానికి 91 వేలమంది రహస్య పోలీసు ఉద్యోగులు అవసరమయ్యారంటే ఆశ్చర్యమేమున్నది?

1989 నవంబరు 4న అలెగ్జాండర్ మైదానంలో లక్షలాదిమంది సభ చేశారు. క్రిస్టా వోల్ఫ్, స్టెఫన్ హైమ్ వంటి రచయితలు మాట్లాడారు. ఆ రోజు వేదికమీద వినిపించిన కోరిక పశ్చిమ జర్మనీలో కలిసిపోవాలని కాదు. వున్న దేశాన్ని బాగుచేసుకోవాలని. ఐదు రోజులకు గోడ తెరుచుకొన్నది. ఏడాది తిరగకముందే, 1990 అక్టోబరు 3న, ఆ దేశం లేదు. తూర్పున నలభై లక్షలమంది పనిచేసే ప్రభుత్వ సంస్థలను ఒక ట్రస్టుకు అప్పగించారు. అది నాలుగేళ్ళలో అమ్మింది, మూసింది, లక్షలాదిమందికి పని పోయింది. 1949 నుంచీ ఇళ్ళు పోగొట్టుకున్న పాత యజమానులకు నష్టపరిహారంకంటే ముందు ఆస్తినే తిరిగి ఇవ్వాలన్నారు. ప్రెన్‌త్స్‌లావర్ బెర్గ్‌లో ఏళ్ళ తరబడి అద్దెకు వున్నవారు కొత్త యజమానుల ముఖం చూశారు. తూర్పు రాజ్యపు శాసనసభ జరిగిన “రిపబ్లిక్ భవనాన్ని” 2006 నుంచి 2008 దాకా కూల్చి, ఆ చోట పాత ప్రష్యా రాజుల కోట ముఖాన్ని తిరిగి కట్టారు. నలభై ఏళ్ళ జ్ఞాపకం కూడా కూల్చివేతల జాబితాలో చేరింది.

1991 జూన్ 20న పార్లమెంటులో 338 ఓట్లు అటు, 320 ఓట్లు ఇటు వచ్చి బెర్లిను మళ్ళీ అఖండ జర్మనీకి ప్రభుత్వ కేంద్రమైంది. గోడ నిలిచినన్ని రోజులకంటే గోడ లేని రోజులు 2018 నాటికే ఎక్కువైనాయి. ఐనా పాత గీత మాసిపోలేదు. పడమట 1967లో తీసివేసిన ట్రాములు ఈనాటికీ ఎక్కువగా తూర్పునే నడుస్తాయి. కొత్త గీత మరొకటి పడుతున్నది: అద్దె భరించగలవారికీ భరించలేనివారికీ నడుమ. నగర ప్రభుత్వం తెచ్చిన అద్దెల నియంత్రణ చట్టాన్ని 2021 ఏప్రిల్‌లో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టివేసింది. అదే ఏడాది సెప్టెంబరులో పెద్ద ఇళ్ళ కంపెనీల ఆస్తిని సమాజపరం చేయాలని బెర్లిను ఓటర్లలో మెజారిటీ ప్రజాభిప్రాయ సేకరణలో కోరారు. ఆ ఓటు అటు తూర్పునుంచీ ఇటు పడమటినుంచీ కూడా వచ్చింది. హోబ్రెక్ట్ వీధులలో మొదలైన ప్రశ్న నూటయాభై ఏళ్ళ తర్వాత మళ్ళీ అక్కడికే వచ్చి నిలబడింది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. గోడకు పునాది ఒక్కరు తవ్వలేదు. మనిషికి కాక ఫైరింజనుకు చోటు లెక్కించిన ఇళ్ళ వ్యాపారి మొదటి పలుగు వేశాడు. సాటి కార్మికుణ్ణి ఫాసిస్టుకంటే పెద్ద శత్రువుగా చూసిన పార్టీలు మట్టి తీశాయి. నాజీలు ఊరంతటినీ గొయ్యిగా మార్చారు. గెలిచిన రాజ్యాలు కొలతాడు పట్టుకుని గీత గీశాయి. రెండు నోట్లు అచ్చువేసినవారూ, ఆహారపు దారులు మూసినవారూ ఆ గీతను లోతుచేశారు. కాని ఇటుకపైన ఇటుక పేర్చినవారి బాధ్యత వీటిలో దేనివల్లా తగ్గదు. 1946లో ఓటు ద్వారా, 1953లో సమ్మె ద్వారా, 1961 దాకా తమ కాళ్ళద్వారా శ్రామికులు చెబుతూ వచ్చిన మాటను వినటానికి ఇష్టంలేక వారు గోడ కట్టారు.

ఏ రాజ్యానికైనా ఏ ఉద్యమానికైనా పరీక్ష ఇదే. మనవాళ్ళనుకొన్నవారు మనకు “కాదు” అని చెప్పినప్పుడు మనం ఏం చేస్తాము? వింటామా, సున్నం కలుపుతామా? నగరాలు రెండుగా చీలిన తర్వాత వాటిమీద జాలిపడి వ్రాయటం తేలిక. అద్దె రసీదులో, జీతపు చీటీలో, పరాయికూలీకి పెట్టిన పేరులో, అచ్చుకు రాని ఉత్తరంలో గీత ఇంకా సన్నగా వున్నప్పుడే దాన్ని పట్టుకొని చూపించటం రచయితల పని. బెర్లినులో ఆ పని చేసినవారు కొద్దిమంది వున్నారు. వారి మాట సకాలంలో విన్నవారు అంతకంటే తక్కువ.